రాయనిది జరగనట్టే

“గీ నోట్సుల జెల్ల యాడుంది? సూపియ్యి.”

పక్కన కూర్చున్న పిల్ల వీరేందర్‌ను అడిగిన మొదటి మాట అది. పేరు తర్వాత తెలిసింది, అశ్రిత అని.

సుచిత్రలో బట్టల షాపు మీది అంతస్తు. మెడికల్ కోడింగ్ క్లాసు. అమెరికా ఆస్పత్రుల్లో డాక్టర్లు రాసిన నోట్సు చదివి, ఒక్కో రోగానికీ గాయానికీ కోడు వెయ్యాలి. ఆ కోడును బట్టి ఇన్సూరెన్సు వాళ్లు ఆస్పత్రికి డబ్బు కడతారు. సరళ మేడం పిల్లల్ని ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి, ఒకరి పని ఒకరు దిద్దుకోమంది.

నోట్సులో చేప ముల్లు గుచ్చుకుని వేలు వాచిందని మాత్రమే ఉంది. వీరేందర్ దానికి జెల్ల చేప విషపు ముల్లు కోడు వేశాడు.

“ఏలు గంతగనం ఉబ్బిందంటే జెల్లనే. రవ్వ చేప ముల్లుకు గట్ల ఉబ్బదు,” అన్నాడు. శామీర్‌పేట చెరువులో వల వేసే ఇంట్లో పుట్టినవాడు. జెల్ల పోటు ఎలా ఉంటుందో అతని చేతికి తెలుసు.

“డాక్టర్ రాసిండా జెల్లని?”

“రాయలే.”

“మరి రోగి నీకు ఫోన్ జేసి చెప్పిండా?”

“అన్ని చేపలు నాకు తెల్వయా ఏంది?”

“అమెరికాల మీ చెరువుందా?”

వెనక బెంచీలన్నీ నవ్వాయి. అశ్రిత మాత్రం నవ్వకుండా అతని జవాబు మీద ఎర్ర మార్కు పెట్టింది. ఆ పెట్టడంలో ఉన్న ఓపిక చూసి వీరేందర్‌కు కోపం రావలసింది. కానీ వచ్చింది వేరే ఏదో.

సరళ మేడం బోర్డు మీద రాసింది: రాయనిది జరగనట్టే.

“మనకు తెలిసింది కాదు, రాసింది కోడ్ చెయ్యాలె. డౌటుంటే డాక్టర్‌ను అడగాలె, దాన్ని క్వెరీ అంటరు. అడిగేటప్పుడు జవాబు మీరే నోటికందియ్యొద్దు. ‘జెల్లనే కద సార్’ అనొద్దు. ‘ఏం చేప సార్’ అనాలె.”

ఆ వానాకాలమంతా ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. అతను తప్పు చేస్తే ఆమె కనుబొమ్మ ఒకటి పైకి లేస్తుంది. ఆ కనుబొమ్మ కోసం అతను తెలిసిన జవాబులు కూడా తప్పు రాశాడు. ఆమె అది కనిపెట్టి, కనుబొమ్మ లేపకుండా పెన్నుతో మోచెయ్యి మీద పొడవడం మొదలుపెట్టింది. అతనికి అదీ బాగానే ఉంది.

ఒక మధ్యాహ్నం వీరేందర్ ధైర్యం చేసి డబ్బా ఆమె ముందుకు జరిపాడు. అమ్మ సాలమ్మ పొద్దున్నే చేసిచ్చిన చేపల పులుసు.

మూత తీశాడో లేదో, అశ్రిత చెయ్యి చున్నీ అంచు పట్టుకుని ముక్కు మీదికి వెళ్లింది.

అతను వెంటనే మూత పెట్టేశాడు. మర్నాటి నుంచి ఆఖరి బెంచీలో కూర్చున్నాడు.

పొద్దున అమ్మకు చేపల తట్టలు ఎత్తిచ్చాక చేతులకు నిమ్మచెక్క రుద్దుకోవడం అలవాటు చేసుకున్నాడు. “ఏం బిడ్డా, పచ్చడి పెడుతున్రా ఇంట్ల?” అని బస్సులో ఒక పెద్దావిడ అడిగింది. అయినా రుద్దడం మానలేదు, ముందు బెంచీకి రావడానికీ ధైర్యం చాలలేదు.

అశ్రిత కూడా ఎందుకు పోయావని అడగలేదు. ఎర్ర పెన్ను బ్యాగులో పడేసి, తల వంచుకుని పని చేసుకునేది.

పరీక్ష అయింది. ఇద్దరూ పాసయ్యారు. ఉద్యోగాలిచ్చే కంపెనీకి ఒక ఆఫీసు హైదరాబాదులో, ఒకటి చెన్నైలో.

“ఏ ఆఫీసో పొద్దుగూకేలోపు నాకు మెసేజ్ పెట్టుండ్రి. పెట్టినంక మార్చేది లేదు,” అంది సరళ మేడం.

అశ్రిత చెన్నై అంటుందని క్లాసులో గుసగుస. ఆ మాట వినగానే వీరేందర్ కాళ్లు అతన్ని అడక్కుండానే మెట్లు దిగాయి. బట్టల షాపు రేకుల కింద, వాన ఆగడం కోసం నిలబడి ఉంది ఆమె. చేతిలో ఫోను.

“చెన్నై పోతున్నవట.”

“పోతే?”

“ఏం లే.”

మేడ్చల్ వైపు వెళ్లే బస్సు ఒకటి ఇద్దరి కాళ్ల మీదా నీళ్లు చిమ్మి పోయింది. అశ్రిత వాన చూస్తూ అంది. “నాదొక క్వెరీ. జవాబు నేను అందియ్య. ఎనక బెంచీకి ఎందుకు పోయినవ్?”

“చేపల వాసన నీకు పడదని.”

“పడదని నేను చెప్పిన్నా?”

“ముక్కుకు చున్నీ అడ్డం పెట్టినవ్ గద.”

ఆమె మెల్లగా అంది. “మాది జవహర్‌నగర్. చెత్త డంపు దగ్గరి గల్లీ. గాలొచ్చిందంటే చెయ్యి దానంతటదే చున్నీ మీదికి పోతది, చిన్నప్పటి సంది. గా రోజు ఎవరో కిటికీ తెరిసిన్రు, గాలొచ్చింది. గంతే. పులుసు కోసం మస్తు చూసిన, నువ్వే మూత పెట్టినవ్.”

వీరేందర్ నిమ్మ వాసన వేస్తున్న చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

“మా ఇల్లు యాడనో తెలిసి నా పక్కకెల్లి లేచినవనుకున్న నేను. స్కూల్ల పిల్లలు గట్లనే లేస్తుండిరి.”

“మీ ఇల్లు యాడనో నాకు ఇప్పుడే తెలిసింది.”

“ఇద్దరం రాయనిదే కోడ్ చేసినం. నాక్కూడ పెట్టు ఎర్ర మార్కు.” కనుబొమ్మ పైకి లేచింది, ఎన్నాళ్లకో. “ఇంకో క్వెరీ. నిమ్మకాయ ఎందుకు రుద్దుకుంటున్నవ్?”

“నీ పక్కన కూసునేటందుకు.”

“పక్కన కూసోని?”

“నువ్వే చెప్పరాదు.”

“అందియ్యొద్దు. రూల్.”

రేకు చూరు నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. వీరేందర్ ఆ ధార వంక చూశాడు, చెప్పుల వంక చూశాడు, ఇక చూడటానికి ఏమీ మిగలక ఆమె వంక చూశాడు.

“నువ్వంటే నాకు ఇష్టం. చెన్నై అంటే నేను గూడ చెన్నై అంట. అక్కడ సముద్రం ఉందట, చేపలకు తక్కువుండదు.”

“చెన్నై అని నీకెవరు చెప్పిన్రు?”

“అందరనుకుంటున్రు.”

“యాడన్న రాసుందా?”

ఫోను అతని వైపు తిప్పింది. సరళ మేడంకు మెసేజ్ టైప్ చేసి ఉంది, పంపలేదు: హైదరాబాద్. అతను చదివేదాకా ఆగి, పంపింది.

వాన వెలిసిన ఆదివారం. శామీర్‌పేట చెరువు దగ్గర, రోడ్డు పక్కన సాలమ్మ చేపలమ్ముతోంది. వీరేందర్ పక్కన అశ్రితను చూసి కత్తి ఆపింది.

“ఎవలురా గీ పిల్ల?”

వీరేందర్ అశ్రిత వైపు చూశాడు. ఆమె సాయం చెయ్యలేదు, చెరువు వైపు చూస్తూ నిలబడింది.

“నేను చేసుకునే పిల్ల అమ్మా.”

సరిగ్గా అప్పుడే చెరువు మీది నుంచి గాలి లేచింది. అశ్రిత చెయ్యి చున్నీ మీదికి పోయింది. సాలమ్మ ముఖం చిన్నబోయింది. అశ్రిత అది చూసి, చున్నీ నడుముకు బిగించి కట్టి, తట్ట ముందు గొంతుక్కూర్చుంది.

“వాసనకు కాదు, గాలికి. అలవాటు. జెల్లలున్నయా?”

సాలమ్మ పిల్లను నిదానంగా చూసింది. తట్టలన్నీ వదిలి, నీళ్ల బకెట్‌లో చెయ్యి పెట్టి ఒక పెద్ద చేపను తీసింది. తూకం వెయ్యలేదు. శుభ్రం చేసి, ఆకులో చుట్టి ఆమె చేతిలో పెట్టింది.

అశ్రిత వీరేందర్ చెవి దగ్గరికి వంగింది. “ఒప్పుకున్నట్టేనా?”

“నాకేం తెలుసు. అడుగు. అందియ్యకు.”

ఆమె సాలమ్మ వైపు తిరిగింది. “ఏం చేప ఇచ్చిన్రు?”

“కొర్రమట్ట,” అంది సాలమ్మ, కత్తి కడుక్కుంటూ. “కోడలికి జెల్ల ఇస్తరా ఎవలన్న? ముల్లు గుచ్చుకుంటది.”

అశ్రిత వీరేందర్‌ను మోచేత్తో పొడిచింది.

“ఇగ రాసుకో,” అంది.