ఉతికిన గుడ్డ

తెల్లారితే నాయనమ్మ చేతులు ఊరుకోవు. ఆ పొద్దున కూడా అందరూ లేచి తెమిలేలోపే బకెట్ నిండా నురగ చేసి, ఆసుపత్రికి కావలసిన మనవరాలి బట్టలన్నీ ఉతికేసింది. ఆరీ ఆరనివాటిని ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి సంచిలో సర్దింది. ఐదు నెలల పసిగుడ్డు, గుండెకి ఆపరేషన్. ముసలిప్రాణం, తను చేయగలిగింది ఇంకేముంది గనక!

"అత్తయ్యా, నా దిండు మీది పచ్చగుడ్డ ఏదీ?" అంటూ కోడలు గదిలోంచి వచ్చింది.

"అదా? కంపు కొడుతుంటే వేణ్ణీళ్లలో వేసి ఉతికానమ్మా. ఇప్పుడు చూడు, మల్లెపువ్వులా ఉంది!"

కోడలు ఉన్నచోటనే కూలబడింది. "ఆ కంపు కోసమేగా ఇన్ని రాత్రుళ్లు ఒంటికి చుట్టుకు పడుకున్నాను! బిడ్డ మత్తు దిగి కళ్లు తెరిచేసరికి అమ్మ వాసన తగలాలని నర్సు చెప్పింది. మీకు చెప్పానా, లేదా?"

"గుడ్డ తెమ్మన్నారన్నావు గానీ, మాసిందే తెమ్మన్నారనుకోలేదే తల్లీ!"

"ఇక చాలు, పదండి," అని కొడుకు కసిరాడు. ఎవర్ని కసిరాడో వాడికే తెలీదు.

ఆసుపత్రిలో ఇంకో పరీక్ష. ఆపరేషన్ అయ్యేదాకా చుక్క పాలు పట్టకూడదు. తల్లి ఎత్తుకుంటే పాలవాసనకి బిడ్డ ఇంకా గింజుకుంటోంది. జాకెట్టు తడిసిపోతుంటే కోడలు గోడవైపు తిరిగి నిలబడింది. నాయనమ్మే భుజాన వేసుకుని వరండా అంతా తిరిగింది. ఎందరు పిల్లల్ని ఊరుకోబెట్టిన చేతులో! ఏ ఒక్క ఉపాయమూ పారలేదు. బిడ్డ ఆమె మెడ చప్పరించి, ఏమీ రాక, మళ్లీ గుక్కపట్టింది.

"నా బంగారుకొండా, నన్ను తిట్టవే, నన్నే తిట్టు."

నర్సు వచ్చి చేతులు చాపింది. కోడలు దగ్గరికి రాకుండానే చెయ్యి చాచి, బిడ్డ అరికాలు ఒక్కసారి పట్టుకుని వదిలేసింది. తలుపులు మూసుకున్నాయి. కాసేపు ఏడుపు వినబడింది. తర్వాత అదీ లేదు.

నాయనమ్మ సంచిలోంచి పచ్చగుడ్డ తీసి కోడలి ఒళ్లో పెట్టింది. "నా బుద్ధి గడ్డి తిందమ్మా."

కోడలు దాని మడత విప్పింది. గుడ్డ గుండెలకు అదుముకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత ఒక కొస అత్తగారి చేతిలో పెట్టింది. "మీరూ మెడకి చుట్టుకోండి. పొద్దున్నించీ అక్కడేగా ముక్కు దాచుకుంది. లేచాక మిమ్మల్నీ వెతుక్కుంటుంది."

నాయనమ్మకి ఇక ఏడుపు ఆగలేదు.

"అయ్యో, మళ్లీ తడిపేస్తున్నారు అత్తయ్యా!"

"తడవనీవే. ఆ సబ్బు వాసన పోవాలిగా."