ఆరోన్‌కి వచ్చిన సున్నా

ధవళేశ్వరం కాలువలో తేలిన ఏజెంట్ ఆరోన్ శవం జేబులో గన్ లేదు, ఫోన్ లేదు. ప్లాస్టిక్ కవర్లో భద్రంగా చుట్టిన హోంవర్క్ కాగితం ఉంది.

దాని మీద ఎర్ర పెన్నుతో పెద్ద సున్నా.

"లెక్క చూడు," అంది బ్యూరో చీఫ్ రత్నమాణిక్యం, రాజమండ్రి గెస్ట్‌హౌస్‌లో కాగితం ముందుకు తోస్తూ. "షేరుకి ఏటా డెబ్బై రూపాయల రాబడి. ఆరోన్ పద్నాలుగు శాతం రేటు వేశాడు. విలువ ఐదొందలు."

ఏజెంట్ దుర్గాసాయి మనసులో భాగించి చూశాడు. "కరెక్టే కదా మేడమ్!"

"అందుకే సున్నా. ఆరోన్ మారువేషంలో చేరిన షేర్ల క్లాసులో సుధాకర్ మాస్టారు ఏడు శాతమే వేయమంటాడు. అది గవర్నమెంటు బాండు రేటు. రిస్కున్న షేరుకి అదే వేస్తే ఐదొందలది వెయ్యి రూపాయలై కూర్చుంటుంది."

"కంపెనీ?"

"నేవీకి రాడార్లు చేసేది. డిజైన్ 'హెరాన్' అనే విదేశీ ముఠాకి చిక్కింది. మధ్యాహ్నం బయటపెడతారు, షేరు కుప్పకూలుతుంది. అంతకుముందే, పదకొండింటికి, మాస్టారి క్లాసులో నలభై మంది రైతులు, ధర ఎంత పడినా ఆ షేరుని తొమ్మిదొందలకి కొంటామని మాటిచ్చే పుట్ ఆప్షన్లు అమ్ముతారు. దానికి కట్టాల్సిన మార్జిన్ డిపాజిట్ కోసం పొలాలు తాకట్టు పెట్టారు. అవతల ఆప్షన్లు కొనేది హెరాన్."

"ఇప్పుడే అరెస్టు చేస్తే?"

"సాక్ష్యం ఆరోన్‌తోనే పోయింది. మాస్టారి నోటితోనే చెప్పించాలి. లోపల మన మనిషి తబిత ఉంది, మాస్టారి అసిస్టెంట్‌గా. కోడ్ అల్లం టీ. హెరాన్ దగ్గరా జీతం తీసుకుంటోంది. నమ్మకు."

పది నలభైకి బియ్యం కొట్టు మేడ మీద మాస్టారి క్లాసు హాల్లో, అతికించిన మీసంతో, తుని మామిడితోటల వ్యాపారి పల్లంరాజుగా దుర్గాసాయి కూర్చున్నాడు. చొక్కా గుండీలో కెమెరా.

నెమలికంఠం రంగు చీరలో తబిత టీ ట్రేతో వచ్చింది.

"అల్లం వేశారా అండీ?"

"మిరియాలు కూడా వేశానండి. గొంతు జాగ్రత్త."

ఆ నవ్వు ఎవరి తరఫుదో అతనికి అంతుపట్టలేదు.

"పుట్ ఆప్షన్ అమ్మడమంటే భయమెందుకండీ?" సుధాకర్ ఎర్ర పెన్ను తిప్పుతూ అన్నాడు. "బయానా పుచ్చుకోవడమే! ప్రీమియం చేతిలో పడుతుంది. పడ్డాక గోదావరోళ్లు మాట తప్పరుగా?"

"ప్రాణం పోయినా తప్పమండి," అన్నాడు మండపేట బుల్లబ్బాయి. ఏడెకరాలు తాకట్టులో ఉన్న మనిషి.

దుర్గాసాయికి విషయం అర్థమైంది. ముఠా కొనుక్కున్నది సరిగ్గా ఆ మాటనే. ధర పాతాళానికి పోతున్నా వీళ్లలో ఒక్కడూ బయటపడడు. పొలం పోయేదాకా మాట మీదే కూర్చుంటాడు.

పది యాభై తొమ్మిది. నలభై బొటనవేళ్లు ఫోన్ల మీద లేచాయి.

"మాస్టారూ," దుర్గాసాయి లేచాడు. "బయానా ఇచ్చే పార్టీ ఏ ఊరండి?"

వేళ్లు గాల్లో ఆగాయి. ముఖం తెలీకుండా, ఊరు తెలీకుండా అక్కడ ఎవరూ బయానా పుచ్చుకోరు. ఎక్స్‌ఛేంజీలో అవతలి పార్టీ పేరు ఎవరికీ తెలియదని నిజం చెప్పేస్తే సరిపోయేది. సుధాకర్ గడియారం చూసి తొందరపడ్డాడు.

"మండపేట మిల్లరేనండి. బైపాస్ పక్కన, బాయిల్డ్ రైస్..."

"అది మా బావమరిది మిల్లండి!" బుల్లబ్బాయి గొంతు లేచింది. "వాడికి వాట్సాపే రాదు, ఆప్షన్లేంటి? ఫోన్లు కింద పెట్టండహె!"

నలభై ఫోన్లూ బల్లల మీద పడ్డాయి. పదకొండుకి మూడు సెకన్లు.

సుధాకర్ చేతిలోని ఎర్ర పెన్ను దుర్గాసాయి మెడ మీదికి దూసుకొచ్చింది. క్లిక్. మళ్లీ క్లిక్. మెడ మీద ఎర్ర గీత పడింది, అంతే.

"పెన్నులోని విషం సూది తీసేశాను, నా ట్రేలో ఉంది మాస్టారూ," అంది తబిత. "రెండు ఉద్యోగాల్లో పెన్షన్ ఒక్కదానికే ఉందండి మరి."

బుల్లబ్బాయి వెళ్లి తలుపు గడియ పెట్టి, దానికి ఆనుకుని నిలబడ్డాడు. దుర్గాసాయి మీసం పీకేసి, హోంవర్క్ కాగితం బల్ల మీద పరిచాడు.

"దీనికి సున్నా ఎందుకేశారండీ?"

సుధాకర్ ఖాళీ పెన్నుని ఆ కాగితం పక్కన పెట్టాడు.

"ఆరోన్‌ని నేనే చంపాను. డిజైన్ ప్రొజెక్టర్‌కున్న పెన్‌డ్రైవ్‌లో ఉంది, తీసుకోండి. ఏడు శాతం వేయమంటే వీళ్లంతా వేశారు. వాడు మాత్రం లేచి, 'బాండు రేటు షేరుకెలా వేస్తామండీ?' అన్నాడు. ఆరు నెల్లలో నా దగ్గర నిజంగా పాఠం నేర్చుకున్నది వాడొక్కడేనండి. అందుకే చంపాను."