మేడగదిల మోగే పాట

రాయచూరు బజారు వెనకాల గల్లీల ఒక మేడగది ఉంది. రాత్రి పది దాటినంక దాని కిందనుంచి ఎవ్వరూ నడవరు. తాగి తూలుకుంట వచ్చెటోళ్ళు గూడ ఆడికొచ్చేసరికి అవతలి పక్కకు జరిగి పోతరంట.

తాళం ఏసిన గది. దీపం ఉండదు, మనిషి ఉండడు. అయినా లోపల్నుంచి పాట వస్తది... మెల్లగ మొదలైతది, పెరుగుతది. మళ్ళ తగ్గుతది. మళ్ళ పెరుగుతది — ఎవరో లోపల కూసోని సౌండు గుండీ తిప్పుతున్నట్ల.

"చెన్నకేశవరావు పాటలింటుండు" అని ఎదురింటి గిరిజమ్మ గల్లీ అంతటికీ చెప్పింది.

చెన్నకేశవరావు పోయి అప్పటికి మూడు నెల్లు.

ఆ ఇంట్లనే కింద, ముందరి అర్రల ఆయన తమ్ముడు యోగానంద్ పెండ్లాం సుమంగళతోని ఉంటడు. బజార్ల స్టీలు సామాన్ల దుకాణం అన్నదమ్ములిద్దరిదీ. వెనక అర్రల వదిన సౌభాగ్యలక్ష్మి ఒక్కతే. మొగుడు పోయినప్పట్నుంచి ఆమె మేడమెట్లు ఎక్కలే. గది తాళంచెవి యోగానంద్ దగ్గరనే ఉండె.

గల్లీవాళ్ళందరిదీ ఒక భయం. యోగానంద్‌ది ఇంకొక భయం.

అన్నకు పాటలంటే ప్రాణం. ఎప్పుడో హైదరాబాదుల కొన్న స్టీరియో, నడుమెత్తు స్పీకర్లు రెండు. క్యాసెట్లకు బూజు పట్టుడు మొదలైతె యోగానందే ఆ పాటలన్నీ కంప్యూటర్లకు ఎక్కించిండు — పాత సినిమా పాటలు, కవ్వాలీలు, కన్నడ దాసర పదాలు, రెండువేలకు పైననే. అరచెయ్యంత డబ్బా ఒకటి తెచ్చి స్టీరియోకు తగిలించిండు. ఇగ ఫోన్ల వేలు పెడితే చాలు, తీగ లేకుండ, ఆ పాత స్పీకర్లల పాట మోగుతది.

"ఏం కరామత్ రా ఇది!" అని అన్న చిన్న పిల్లగాని లెక్క నవ్విండు.

సరిగ్గ పనిచేస్తున్నదా లేదా చూసేటందుకు యోగానంద్ తన ఫోన్ల గూడ అదే యాప్ పెట్టుకుండె. కింద పండుకోని గూడ పైన సౌండు పెంచొచ్చు, తగ్గించొచ్చు.

అన్న పోయిన రాత్రి సంగతి ఆయన ఎవ్వరికీ చెప్పలే. పెండ్లానికి గూడ.

ఇప్పుడు రోజూ పదింటికి పైన పాట మొదలైతది. యోగానంద్ దుప్పట్ల ఫోను తీసి, సౌండు తగ్గిస్తడు. కాసేపటికి అదే పెరుగుతది. మళ్ళ తగ్గిస్తడు. మళ్ళ పెరుగుతది... మొత్తానికే ఆపేటందుకు మాత్రం వేలు రాదు. అన్న ఫోను వదిన బీరువాల ఉంది. ఆమెకు ఫోను ఎత్తుడు తప్ప ఇంకేం రాదని ఆయన నమ్మకం.

ఒక రాత్రి దాసర పదం మొదలైంది. అన్న పోయిన రాత్రి మోగిందీ అదే.

యోగానంద్ లేచి తాళంచెవి తీసిండు. "పోకుండ్రి..." అని సుమంగళ గుసగుసగ చెయ్యి పట్టుకుంది. విడిపించుకున్నడు.

ఒక్కొక్క మెట్టు ఎక్కుతుంటె పాట దగ్గరైంది. తాళం తీసిండు. తలుపు కిర్రుమంది.

చీకటి. దుమ్ము వాసన. స్టీరియో మీద చిన్న పచ్చ దీపం. ఖాళీ మంచం.

ఎవ్వరూ లేరు —

కండ్ల ముందరనే పాట పెరిగింది. ఫోను తీసి తగ్గించిండు. ఒక్క క్షణం... మళ్ళ పెరిగింది. స్పీకర్ల ముందరి గుడ్డ వణికింది.

ఫోను చేతుల్నుంచి జారింది. యోగానంద్ మోకాళ్ళ మీద కూలబడ్డడు.

"అన్నా... నేనే. ఆ రాత్రి నేనే."

పాట మోగుతనే ఉంది.

"వదిన గిల్లేసూగూరుకు పెండ్లికి పోయుండె. నువ్వు సౌండు పెంచుతుంటివి, నిద్ర చెడుతున్నదని నేను కిందనుంచే ఫోన్ల తగ్గిస్తుంటి. మళ్ళ పెంచితివి. నాతోని మొండికేస్తున్నవనుకుంటి... ఆఖరికి కోపంల మొత్తానికే ఆపేస్తి. నోరు రాక, సౌండుతోని నన్ను పిలుస్తున్నవని తెల్వలే అన్నా! తెల్లారి వచ్చి చూస్తె బండల మీద పడుంటివి. మూతి వంకర పోయి... చేతుల ఫోను. నేనే ఎత్తి మంచం మీద పండబెడ్తి. నిద్రల హాయిగ పోయిండని అందరికీ నేనే చెప్తి. వదినకు గూడ..."

టక్కున పాట ఆగింది.

వెనక మెట్టు మీద అడుగు చప్పుడు.

యోగానంద్ తిరిగి చూసిండు. గడపల సౌభాగ్యలక్ష్మి నిలబడుంది. చేతుల అన్న ఫోను — దాని వెలుగు ఆమె గదవ కింద పడుతుంది.

"తలుపు చప్పుడైతె వచ్చిన" అంది. "రోజూ ఆయన పాటలినే వేళకు నేనే పెడుతుంటి యోగీ. ఎట్ల పెట్టాల్నో ఆయనే నేర్పిండె. పైకి రావాల్నంటె కాళ్ళాడక... కింద పండుకోని పెడుతుంటి."

యోగానంద్ కింద పడ్డ తన ఫోను దిక్కు చూసిండు.

"నేను పెంచితె, అది తగ్గుతుండె. మీ అన్ననే తగ్గిస్తుండనుకుంటి... ఈడనే ఉండు గదా అని రోజూ పెంచుతుంటి."

ఆమె లోపలికొచ్చింది. మంచం దిక్కు చూడలే.

"ఏడ పడుండె?" అని అడిగింది. "చూపియ్యి."

యోగానంద్ మోకాళ్ళ మీదనే పాకి, మంచానికీ తలుపుకూ నడుమ, దుమ్ము పట్టిన ఒక బండ మీద చెయ్యి పెట్టిండు.