వాకిట్లో నడిచే హక్కు

మధ్యాహ్నం రెండు దాటితే గ్రీసులోని లెస్వోస్ దీవిలో ఏ ఆఫీసూ మనిషి మొహం చూడదు. పదకొండో ఏట ఊరొదిలి పిరేయస్ రేవులో పెరిగి, అక్కడే లిఫ్టులు బాగుచేసుకుంటున్న స్త్రాటిస్ ఈ సంగతి మర్చిపోయాడు. రెండుంబావుకి చంకలో బిస్కెట్ల డబ్బాతో ప్లోమారి ఊరి బజారు మెట్లెక్కి, తలుపుకి తాళం వేస్తున్న లాయరమ్మ ఎదురుగా నిలబడ్డాడు.

రేపు రమ్మందామె. రేపటిదాకా ఆగలేనని, తాతగారి ఇల్లు అమ్మాలని, పత్రాలన్నీ వెంట తెచ్చానని అతను ఏకరువు పెట్టాడు. ఆమె విసుగ్గా ఆ మెట్టు మీదే డబ్బా మూత తీసింది.

"ఇది కరెంటు బిల్లు. ఇదీ కరెంటు బిల్లే. ఇదేమో మీ బాప్టిజం ఫోటో. వీటిలో ఏది చూపించి అమ్ముదామనుకుంటున్నారు?"

స్త్రాటిస్‌కి ఒళ్లు మండింది. ఈ ఊళ్లో ఇంకో లాయరు లేరా అని అడిగాడు. మితిలిని పట్నంలో బోలెడు మంది ఉన్నారనీ, బస్సు మాత్రం ఒంటిగంటకే వెళ్లిపోయిందనీ చెప్పి, ఆమె ఫోటో కేసి మళ్లీ చూసింది.

"చెవులు మాత్రం అలాగే ఉన్నాయి, స్త్రాటిస్."

అప్పుడు కనిపించింది అతనికి, ఆమె ఎడమ కనుబొమను రెండుగా చీల్చిన చిన్న మచ్చ. చిన్నప్పుడు తాతగారి వాకిట్లోని బావి దగ్గర, చేదతో ఉయ్యాల ఆట ఆడిన రోజున తగిలిన దెబ్బ అది.

"మిర్సిని?"

"హమ్మయ్య. చేదతో కొట్టినవాడికే గుర్తు లేకపోతే ఇంకెవరికి ఉంటుంది?"

ఇల్లు కొనేవాడు ఏథెన్సులో పళ్ల డాక్టరు. ఆయనకి ఒకటే పట్టుదల, వాకిట్లో ఇంకెవరికీ పూచికపుల్లంత హక్కు కూడా ఉండకూడదు. బావి ఉన్నచోట ఈత కొలను తవ్విస్తాడట. సెప్టెంబరు పద్దెనిమిదిన మితిలినిలో నోటరీ ఎదుట సంతకాలు. ఆ డబ్బుతో సొంతంగా వర్క్‌షాపు పెట్టుకోవాలని స్త్రాటిస్ ఆశ. పదేళ్లుగా ఒకరి కింద నూనె చేతులతో పనిచేసి విసిగిపోయాడు.

మిర్సిని రెండు రోజులు భూముల రిజిస్ట్రీలో కూర్చుని, ఎత్తలేనంత బరువున్న పాత పుస్తకాలు తిరగేసింది. మూడోనాడు అతన్ని పిలిపించి ఎదుట కూర్చోబెట్టింది. ఆ దేశంలో దస్తావేజుని నోటరీ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పైకి చదివి వినిపించాకే సంతకాలు పెడతారు. ఆమె కూడా అదే గొంతుతో, తాతగారి నాటి దస్తావేజు నకలు చదివింది.

"ఇంటికి దక్షిణాన ఉన్న పొరుగువారు, ఆండ్రోమాహి, ఆమె తదుపరి వారసులు, ఈ వాకిటి గుండా నడిచి వెళ్లి బావిలో నీళ్లు తోడుకొను హక్కు కలిగియుందురు."

"ఆండ్రోమాహి అంటే మీ అమ్మమ్మ కదా?"

"అవును. ఆవిడ ఇల్లు ఇప్పుడు నాది. ఇక నేను నీ లాయర్ని కాను, అవతలి పక్షాన్ని. నీ కాగితాలు నువ్వు పట్టుకుపో."

డబ్బా అతని వైపు జరిపింది. ఒక్క సంతకం పెట్టి ఆ హక్కు వదులుకోవచ్చు కదా అన్నాడు స్త్రాటిస్, నీళ్లు నములుతూ.

"అమ్మమ్మ ఇచ్చినదాన్ని నా చేత్తో కొట్టెయ్యను," అంది మిర్సిని. "కానీ అడ్డం కూడా పడను. వరసగా ఇరవై ఏళ్లు వాడకపోతే అలాంటి హక్కు దానంతటదే పోతుంది, చట్టం అంతే. మీరు తాళం వేసి వెళ్లాక ఆ వాకిట్లో మా వాళ్లెవరూ కాలు పెట్టలేదు. ఈ పదిహేడో తేదీకి ఇరవై ఏళ్లు నిండుతాయి. ఆ రోజు దాటేవరకు నేను రాను. నీ పని అయిపోతుంది."

"తేదీ అంత కచ్చితంగా ఎలా తెలుసు?"

"ఆఖరిసారి నడిచింది నేనే కాబట్టి," అని ఆమె ఫైలు మూసేసింది.

ఆ మాట స్త్రాటిస్‌ని నిద్రపోనివ్వలేదు. తెల్లారి గేటు తెరిచేసరికి మిర్సిని ఆఫీసుకి వెళ్తూ ఆగింది. గడప అవతలే, గీత గీసినంత జాగ్రత్తగా. కాఫీ తాగుతావా అని అడిగాడు. తాగుతాను కానీ లోపలికి రాను, నీ డాక్టరుగారి కొలను ఎండిపోతుందంది. అతను కప్పు గడప మీదుగా అందించాడు. ఆమె వీధి మెట్టు మీద, అతను వాకిట్లో పీట మీద కూర్చున్నారు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడు పాకంలో ఊరిన అంజీరు పళ్లు ఒక చిన్న పళ్లెంలో తెచ్చి గడప మీద పెట్టింది. ఆండ్రోమాహి చేతి రుచే అది, లవంగం కాస్త ఎక్కువగా. స్త్రాటిస్ ఇంకో పండు తీసుకున్నాడు. వాకిలంతా పరుచుకున్న ద్రాక్ష పందిరీ, గిలక కిర్రుమనే చప్పుడూ, మొదటి చేద ఎవరు తోడాలని ఇద్దరూ పడ్డ పోట్లాటలూ వరసగా గుర్తొచ్చాయి. ఇన్నేళ్లూ ఆ ఇంటిని ఖాళీ గోడలే అనుకున్నాడు.

అవతల ఆమె కాలి బొటనవేలు గడప దాకా వచ్చి వెనక్కి తగ్గేది. అది చూడటం కోసమే అతను పొద్దున్నే లేవసాగాడు. వీధిలో పోయేవాళ్లు నవ్వుకుంటూ పోయేవారు.

పదిహేడో తేదీ సాయంత్రం వేసవి తర్వాత తొలివాన పడింది. ఆఫీసు నుంచి వస్తున్న మిర్సిని గేటు ముందు తడిసి ముద్దై ఆగింది. డాక్టరుకి ఇవ్వాల్సిన పాత పత్రం ఒకటి తన దగ్గరే ఉండిపోతే, అది అందించి వెళ్లిపోబోయింది.

"ఆగు. ఆఖరిసారి ఎందుకొచ్చావో చెప్పలేదు."

ఆమె వెనక్కి తిరిగింది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

"అంజీరు పళ్లు తెచ్చాను. నువ్వు ట్రక్కులో మూటల మధ్య కూర్చున్నావు. పిలిచాను. తలైనా తిప్పలేదు."

"అప్పుడు ఏడుస్తూ ఉన్నాను," అన్నాడు స్త్రాటిస్. "మొహం చూస్తే నువ్వు జీవితమంతా వెక్కిరిస్తావని భయమేసింది. నిన్ను వదిలి వెళ్లాలంటే అంత కష్టంగా ఉండింది. ఇప్పుడూ అలాగే ఉంది."

అతను గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు. రానంది మిర్సిని, వద్దని చెయ్యి కూడా అడ్డం పెట్టింది.

"ఒక్క అడుగు వేస్తే ఇరవై ఏళ్ల లెక్క మళ్లీ మొదటికొస్తుంది. రేపు డాక్టరు సంతకం పెట్టడు. నీ వర్క్‌షాపు?"

"ఈ ఊళ్లో లిఫ్టులు లేవా? ఉన్న రెండూ చెడిపోయే ఉన్నాయి, నిన్న చూశాను."

"బాగా ఆలోచించుకున్నావా? లాయరుగా అడుగుతున్నాను."

"నా లాయరు పని మానేశావుగా. లోపలికి రా."

మిర్సిని చెప్పులు వీధి మెట్టు మీదే విడిచింది. కుడి కాలు గడప దాటించి ఒక్క క్షణం ఆగి, తర్వాత రాళ్ల మీద గబగబా నడిచింది. స్త్రాటిస్ వెనకే వెళ్లి చేద అందించబోతే విసురుగా లాక్కుంది. నీళ్లు కూడా తానే తోడుకోవాలని కాగితంలో రాసి ఉందంది.

ఇరవై ఏళ్ల తుప్పుతో గిలక ఊరంతా వినపడేలా అరిచింది. చేద పైకి వచ్చింది, సగమే నిండి. వాన కురుస్తుండగానే ఆమె దోసిలి పట్టి తాగి, మిగతా నీళ్లు అతని నెత్తిన కుమ్మరించింది.

"ఎవరైనా అడిగితే సాక్షివి నువ్వే," అంది. "ఈ రోజు నడిచాను."

"రేపు?"

"కాఫీ లోపలే పెట్టు."