గేటు ఎత్తు: సున్నా

ఇంజనీర్ శేషగిరి శవం కర్రబీ డ్యామ్ మెట్ల కింద దొరికిన మర్నాడు ఏజెంట్ శ్రీకర్‌ని గిరావీన్ పేటలో ఆగి ఉన్న కారులోకి పిలిచింది గూఢచారి సంస్థ చీఫ్ ఆండాళ్.

"జారిపడ్డాడంటున్నారు పోలీసులు. చంపేశారంటాను నేను. వరద లెక్కల స్ప్రెడ్‌షీట్‌లో ఏదో తేడా ఉందని నాకు ఫోన్ చేశాడు పాపం. వానని బట్టి గేట్లు ఎంత లేవాలో ఆ షీటే చెబుతుంది, అవి వాటంతటవే అంత లేస్తాయి. దాని మీద ఓ విదేశీ ముఠా కన్నుపడింది."

"నా కవర్?"

"అతని స్థానంలో కొత్త ఇంజనీర్‌వి. లోపల మన ఏజెంట్ లిఖిత ఉంది. గోంగూర దొరుకుతుందా అని అడుగు. వానల్లో దొరకదంటుంది. ఈ కళ్లజోడు పెట్టుకో. నువ్వు చూసేదంతా నాకూ కనిపిస్తుంది."

శ్రీకర్ డ్యామ్ ఆఫీసు చేరేసరికి వాన జోరందుకుంది. దిగువ లోయలో ఊరు మసకగా ఉంది. ఎర్ర కోటు, ముత్యాల దుద్దులతో ఎదురొచ్చిన లిఖిత గోంగూర కోడ్‌మాట తడుముకోకుండా చెప్పింది.

"సెల్స్‌లో పైథాన్ కోడ్ మొత్తం చెక్ చేశాన్లే. ఆల్ క్లీన్. రిలాక్స్ అవ్వు."

శ్రీకర్ మనసు కుదుటపడలేదు. ఆమె కాఫీకి వెళ్లగానే షీట్‌కి కాపీ తీసి, వాన అంకెలు మార్చి చూశాడు. మామూలు వానకి లెక్క సరిగ్గానే వచ్చింది. రెట్టింపు వాన ఇచ్చాడు. గేటు ఎత్తు సున్నా అంది.

అసలు షీట్‌లో ఆ సెల్ తెరిచాడు. పైథాన్ ఫంక్షన్ నడుమ దాక్కుని ఉంది ఒక 'ఇఫ్' షరతు: వాన హద్దు దాటితే గేట్లు మూసెయ్యి. మామూలు పరీక్షలకి దొరకదు. తుఫాను వస్తే ఊరే ఉండదు.

మెడకి చల్లగా ఏదో తగిలింది.

"పెన్ను కాదు, విషపు సూది. శేషగిరికి గుచ్చింది ఇదే" అంది లిఖిత. "కీబోర్డ్ మీంచి చేతులు తియ్యి."

"కింద ఊళ్లో పిల్లలున్నారు, లిఖితా."

"ఉంటారు. నేను లోకల్ న్యూస్ చూడను."

నీరు అంచుకొచ్చిందని డ్యామ్ సైరన్ కూసింది. ఆమె చూపు కిటికీ వైపు చెదిరింది. శ్రీకర్ కుర్చీని వెనక్కి తన్నాడు. ఆమె తూలింది, సూది అతని కాలర్‌లో విరిగింది. ఆ 'ఇఫ్' చెరిపేసి ఎంటర్ కొట్టాడు. కర్సర్ కింది లైనుకి దిగిందంతే! పైథాన్ సెల్‌కి ఒక్క ఎంటర్ చాలదు. ఇంతలో ఆమె చేతులు అతని గొంతు బిగించాయి. తడుముకుంటూ కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కాడు.

సెల్‌లో 'బిజీ' అని వచ్చింది.

ఊపిరాడటం లేదు. బిజీ. కిటికీ అవతల అలలు గట్టు అంచుని నాకుతున్నాయి. ఇంకా బిజీ.

అంకె పడింది. గోడలు అదిరాయి. గేట్లు లేచి, వరద స్పిల్‌వే కాలువలోకి గర్జిస్తూ దూకింది. అదే క్షణంలో, కళ్లజోడులో అంతా చూస్తున్న ఆండాళ్ పంపిన మనుషులు తలుపు బద్దలుకొట్టి లిఖితని పట్టుకున్నారు.

ఫోన్ మోగింది. "రేపటికల్లా రిపోర్ట్ కావాలి" అంది ఆండాళ్.

"స్ప్రెడ్‌షీట్‌లో పంపనా మేడమ్?"

"వద్దు నాయనా. చేత్తో రాసివ్వు."