అవ్వల వరుస

మైకులో "హలో, హలో, టెస్టింగ్" అని వినిపించినప్పుడల్లా సిసింద్రీ గుండె గుబేలుమంటోంది.

ఆ పిల్లని అందరూ సిసింద్రీ అనే పిలుస్తారు. ఒక్కచోట కుదురుగా కూర్చుంటే ఒట్టు. అలాంటిది ఈ మధ్యాహ్నం మాత్రం స్టేజీ పక్కన ప్లాస్టిక్ కుర్చీకి అతుక్కుపోయింది.

గిరిజన సంస్కృతి ఉత్సవం ఏటా వాళ్ల స్కూల్ గ్రౌండ్‌లోనే జరుగుతుంది. ఏటా దాన్ని మొదలుపెట్టేది సిసింద్రీ అమ్మమ్మే. మెడలోని పూసల దండ తీసి, ఒక్కో పూసా తడుముతూ తమ వంశంలోని ఒక్కో అవ్వ పేరు చెబుతుంది. పదకొండు పూసలు, పదకొండు మంది అవ్వలు. గరుకు మట్టిపూస ఏరు దాటొచ్చిన అవ్వ. నున్నటి గింజ తేనె అవ్వ. చూపు ఆనకపోయినా అమ్మమ్మ వేళ్లకి వాళ్లంతా తెలుసు.

నిన్న సిసింద్రీ అడగకుండా పెట్టెలోంచి ఆ దండ తీసి వేసుకుని అద్దం ముందు గంతులేసింది. దారం పుటుక్కున తెగింది. గబగబా పూసలన్నీ ఏరి, రంగురంగులుగా అందంగా మళ్లీ గుచ్చేసింది. దండ పెట్టెలో పెట్టి, ఏమీ ఎరగనట్టు అన్నానికి కూర్చుంది. ఒక్క పూస కూడా పోలేదు కదా అని ధీమా!

పొద్దున అమ్మ జడ వేస్తూ, "ముందు తల్లి, తర్వాత కూతురు, ఆ తర్వాత మనవరాలు. ఆ వరుసలో గుచ్చిన దండే అది" అంది. అప్పుడు గానీ తన నిర్వాకం తెలిసిరాలేదు.

"ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?" పక్కనున్న టీచర్ అడిగింది.

"బాగానే ఉంది టీచర్." సిసింద్రీ చూపు తిప్పేసుకుంది.

అమ్మమ్మ మైకు దగ్గరికి వచ్చింది. మొదటి పూస తడిమి ఆగింది. రెండోది తడిమింది. మళ్లీ మొదటిదానికి వచ్చింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఏమనుకోకండి బాబూ" అంది అమ్మమ్మ. "పెద్దదాన్నయిపోయాను. నా వేళ్లు మరిచిపోయినట్టున్నాయి."

సిసింద్రీకి ఏడుపు తన్నుకొచ్చింది. ఇంతసేపూ తనకి తిట్లు పడతాయనే భయపడింది. అమ్మమ్మ తలవంచుకుంటుందని అనుకోలేదు.

గబగబా మెట్లెక్కేసింది. మైకు అందక మునివేళ్ల మీద లేచింది.

"మా అమ్మమ్మ ఏం మరిచిపోలేదు! దండ నేనే తెంపాను. నేనే తప్పుగా గుచ్చాను."

అమ్మమ్మ అక్కడే చతికిలబడి, ముడి విప్పి, పూసలన్నీ మనవరాలి ఒళ్లో పోసింది.

"అయితే మళ్లీ గుచ్చు. నేను చెబుతాను."

"ఇక్కడా? అందరూ చూస్తున్నారు అమ్మమ్మా!"

"చూడనీ."

సిసింద్రీ గుచ్చసాగింది. నాలుగో పూస దగ్గర అమ్మమ్మ తడిమి చూసి, "ఊహూ, అది కూతురు. ముందు తల్లిని ఎక్కించు" అంది. టీచర్ మైకు కిందికి వంచి పట్టుకుంది. పదకొండు మంది పేర్లూ గ్రౌండంతా వినిపించాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

సిసింద్రీ ముడి వేసి, దండని రెండు చేతులా ఎత్తిపట్టుకుంది.

"నీ మెడలో వెయ్యనా అమ్మమ్మా?" అని అడిగింది.

అమ్మమ్మ తల ముందుకు వంచింది.