వర్తక సంఘం తూకపు రాయి

"నన్ను దొంగ అంటున్నారండీ," అంది ఆవిడ, గుమ్మంలోంచే.

చిరాకు మాస్టారు చదువుతున్న పేపరు పక్కన పెట్టి కుర్చీ చూపించాడు. ఆయన జన్మలో ఎవరికీ పాఠం చెప్పలేదు. బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టీ పట్టీ మనుషులంటే రోత పుట్టి, ఉద్యోగం మానేసి ప్రైవేటు డిటెక్టివ్ అయ్యాడు. అయ్యాక ఆ రోత రెట్టింపయింది. ఊరివాళ్ళు ఆయన మొహం చూసి ఆ పేరు పెట్టేశారు. లా చదివిన మేనకోడలు ఆయనకి అసిస్టెంటు. మామయ్య తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉందనుకునే పిల్ల.

వచ్చినావిడని ఊళ్ళో అందరూ హిస్టరీ మేడమ్ అంటారు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయింది.

"ఎల్లుండి వర్తక సంఘం అరవై ఏళ్ళ ఉత్సవమండి. సంఘం చరిత్ర నేనే రాశాను. వాళ్ళ హాల్లో గాజుపెట్టెలో ఇత్తడి తూకపు రాయి ఒకటుంటుంది. సంఘం పెట్టినాయన కొట్లోది, అయిదు కిలోలది. కొత్త ప్రెసిడెంటు ఎవరొచ్చినా దాన్ని రెండు చేతులతో ఎత్తి ప్రమాణం చెయ్యాలి. మొన్న సాయంత్రం ఫోటో కోసం పెట్టె తీయించాను. నిన్న పొద్దున చూస్తే రాయి లేదు. నేనే సంచీలో వేసుకుపోయానని ప్రెసిడెంటుగారు అందరిముందూ అనేశారు. రేపటికల్లా తెచ్చివ్వకపోతే పోలీసు కేసు పెడతారట, పుస్తకం కూడా ఆపేస్తారట. ఆ స్టేషన్లో ఉన్నవాళ్ళు సగంమంది నా స్టూడెంట్లేనండి. ఏ మొహంతో వెళ్ళను?"

"ఫోటో తీశాక ఇంకేమైనా అడిగారా?"

"ఒకసారి తూయించమన్నాను. ఫోటో కింద బరువు రాయాలిగా. పెట్టెలో చీటీ మీద అయిదు కిలోలనే ఉందనుకోండి, కానీ కళ్ళతో చూసుకోందే రాయను నేను. రేపు తూయిస్తాలెండి అన్నారు ప్రెసిడెంటుగారు."

మాస్టారు లేచి చెప్పులు వేసుకున్నాడు.

వర్తక సంఘం హాలు చూడగానే ఆయన మొహం ఇంకాస్త మాడింది. గోడ పొడుగునా మాజీ ప్రెసిడెంట్ల పటాలు, ఊరికి ఒకే రకం మేలు చేసిపెట్టినట్టు అందరివీ ఒకే రకం నవ్వులు. మధ్యలో గాజుపెట్టె. తాళం చెక్కు చెదరలేదు. లోపల మఖమల్ గుడ్డ మీద రాయి కూర్చున్న గుంట మాత్రం మిగిలింది. పక్కన సెక్రటరీ బల్ల మీద పార్సిళ్ళు తూచే కాటా ఉంది.

సెక్రటరీ, నూనెల వ్యాపారి, సంఘం కథ అప్పజెప్పాడు. "ఒకప్పుడు బజార్లో ఎవరి రాయి వాళ్ళదేనండి, అంతా గందరగోళం. అప్పుడు మన ప్రెసిడెంటుగారి తాతగారు తన రాయి తెచ్చి నడిబజార్లో పెట్టారు. సంఘంలో చేరే ప్రతివాడి రాయీ దీనికి సరితూగాలన్నారు. అదే మా మొదటి నియమం."

"అన్ని రాళ్ళూనా?"

"అంటే, రైతుల దగ్గర సరుకు కొనే రాళ్ళండి."

ఆ మాటకి మూల కూర్చున్న మాజీ ప్రెసిడెంటు, ఇనప కొట్టు పెద్దాయన, సెక్రటరీని గుడ్లురిమి చూశాడు. మాస్టారు ఆయన వైపు తిరిగాడు.

"మీరూ ఎత్తారా దాన్ని?"

"ఎత్తకపోతే పదవెలా వస్తుంది? అబ్బో, చేతులు పడిపోయాయనుకోండి. ఇది అయిదు కిలోలేంటి, పదవి బరువు కూడా కలిసిందని స్పీచ్‌లో అన్నాను. చప్పట్లే చప్పట్లు."

"ప్రతి ప్రెసిడెంటుగారూ ఆ మాటే అంటారండి," అని మురిసిపోయాడు సెక్రటరీ.

ప్రెసిడెంటు తన గదిలో ఉన్నాడు. సెంటు వాసన ఆయన కంటే ముందు ఎదురొచ్చింది. తాళంచెవులు తన దగ్గరొకటి, సెక్రటరీ దగ్గరొకటి ఉన్నాయనీ, అయితే ఫోటో తీశాక పెట్టె కాసేపు తెరిచే ఉందనీ చెప్పాడు.

"మేడమ్‌కి ఆ రాయి ఎందుకంటారు?" అన్నాడు మాస్టారు.

"అదేగా నాకూ అంతుబట్టనిది! అయిదున్నర కిలోల పాత ఇత్తడి అమ్ముకుంటే ఏమొస్తుంది చెప్పండి? మా తాత పేరు చెడగొట్టాలనే. చదువుకున్నవాళ్ళకి వ్యాపారస్తులంటే కడుపుమంట."

అంతలో చీపురుతో వచ్చిన ఆయా కిటికీ దగ్గర పూలకుండీ చూసి గొణిగింది. "దీనికేం మాయరోగమో, మొన్నటిదాకా బానే ఉంది. ఇప్పుడు నీళ్ళు పోస్తే చాలు, మట్టి పొర్లి తివాచీ నిండా పడుతోంది. మొక్క కూడా వాడిపోయింది."

"పనయ్యాక మాట్లాడు, పో!" అని కసిరాడు ప్రెసిడెంటు.

బయటికొచ్చాక మేనకోడలు ఉండబట్టలేకపోయింది. "సెక్రటరీయే కదా మామయ్యా? తాళంచెవి ఉంది, పైగా తెగ వినయం."

"వినయం నేరమైతే నువ్వెప్పుడూ జైలుకెళ్ళవులే," అన్నాడు మాస్టారు. "రేపు పొద్దున అందర్నీ హాలుకి రమ్మను. ఇంక పద, ఇంటికి పోదాం."

మర్నాడు ఉదయం హాలు నిండింది. కమిటీవాళ్ళు ముందు వరసలో, హిస్టరీ మేడమ్ ఎవరూ పక్కన కూర్చోని కుర్చీలో. మాస్టారు సెక్రటరీ కాటాని గాజుపెట్టె పక్కకి తెప్పించాడు. మేనకోడలూ ఆయా కలిసి ప్రెసిడెంటు గదిలోంచి పూలకుండీ ఈడ్చుకొచ్చారు. ప్రెసిడెంటు సగం లేచి మళ్ళీ కూలబడ్డాడు.

మొక్కని పక్కకి వంచి మట్టి తవ్వితే ఇత్తడి మెరిసింది. మేనకోడలు రాయిని తుడిచి కాటా మీద పెట్టింది. కాటా అయిదున్నర చూపించింది.

"అరవై ఏళ్ళు దీంతో అందర్నీ తూచారు, దీన్ని ఒక్కరూ తూచలేదు," అన్నాడు మాస్టారు. "ఎత్తిన ప్రతివాడూ బరువనుకున్నాడు, అది తన గొప్పే అనుకుని చప్పట్లు కొట్టించుకున్నాడు. మొన్న మేడమ్ తూయించమన్నారు. ఆవిడ వెళ్ళాక ప్రెసిడెంటుగారు అనుమానమొచ్చి తన తాళంచెవితో పెట్టె తీసి ఇదే కాటా మీద పెట్టారు. గుండె గుభేలుమంది. వరండాలో మీరంతా ఉన్నారు, చేత్తో పట్టుకుని బయటికెళ్ళలేరు. తన గదిలో కుండీలో పాతిపెట్టారు. రాయి పట్టినంత మట్టి పైకొచ్చింది, అదే రోజూ తివాచీ మీద పడుతోంది."

"పాతింది ఆయనేనని ఏమిటి నమ్మకం?" అన్నాడు పెద్దాయన.

"ఆయన నోరే చెప్పింది. ఊరంతా దాన్ని అయిదు కిలోలంటుంది. చీటీ మీదా అదే ఉంది. నిన్న ఈయన నాతో అయిదున్నర కిలోల ఇత్తడి అన్నారు. ఒకసారి సరుకు తూచి చూసుకున్న వ్యాపారి, దాని ధర మాట్లాడేటప్పుడు తప్పు తూకం చెప్పలేడు. అబద్ధం ఎంతైనా ఆడతాడు కానీ అది మాత్రం చేతకాదు. పోయిన రాయి బరువు, దాన్ని తూచినవాడికి తప్ప ఎవరికి తెలుస్తుంది?"

ప్రెసిడెంటు మొహంలో నెత్తురు చుక్క లేదు. "మా తాత పరువు కోసం చేశాను," అన్నాడు.

"ఆ పరువు కోసం ఈవిడ్ని దొంగని చేశారు. సరే, మీ తాతగారొక్కరే మోసం చేశారనుకుంటే అంత రోత పుట్టేది కాదు. అయిదు అని చెప్పి అయిదున్నర తూగే రాయిని నడిబజార్లో పెట్టి, అందరూ దీనికే సరితూగాలన్నారు. రైతు అయిదున్నర పోస్తే అయిదుకే లెక్క, ఏ కొట్టుకెళ్ళినా ఒకటే తూకం. ఎవర్ని నిలదీస్తాడు? ఊరంతా కలిసి ఒకే చేత్తో దొంగతనం చెయ్యడానికి మీరు సంఘం పెట్టుకున్నారు."

ఎవరో ఒకరు సిగ్గుపడతారని మేనకోడలు ముందు వరస వైపు చూసింది. అందరూ గడియారాలు చూసుకుంటున్నారు.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "కొనే రాయి వేరు, అమ్మే రాయి వేరు. ఆ రోజుల్లో అందరికీ తెలిసిందే. మా నాన్నే పోతపోసి ఇచ్చాడు దీనికి నకళ్ళు. ఇప్పుడవన్నీ ఎందుకు తవ్వడం?"

సెక్రటరీ చేతులు నలుపుకుంటూ మేడమ్ దగ్గరికొచ్చాడు. "మీ మీద పడ్డ నింద తీసేస్తామండి. రేపు సన్మానం కూడా చేస్తాం. ఆ మొదటి అధ్యాయం మాత్రం ఉన్నదున్నట్టు ఉంచేయండి, చాలు."

ప్రెసిడెంటు రాజీకొచ్చినట్టు మాస్టారికి చెయ్యి చాచాడు. మాస్టారు ఆ చేతిని చూసి తన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

మేడమ్ లేచింది. ఏ మొహంతో వెళ్ళను అని వాపోయిన మనిషి ఈవిడేనా అనిపించింది మేనకోడలికి.

"మొదటి అధ్యాయం మళ్ళీ రాస్తాను. మీరు అచ్చెయ్యకపోతే నేనే వేయించుకుంటాను," అంది. "మా తాతయ్య ఈ బజార్లోనే ధాన్యం అమ్మేవాడండి. ఇంట్లో తూచి పది బస్తాలు పంపితే, ఇక్కడ తొమ్మిదికి కాస్త పైన తేలేది. మీ ఇంటి రాయి అరిగిపోయిందన్నారు. తాతయ్య కొత్త రాయి కొని తూచాడు. అయినా తక్కువే. ఇంక తాతయ్యకి తోచింది ఒక్కటే. బండి తోలుకెళ్ళేది మా పెదనాన్న. దారిలో అమ్ముకుంటున్నాడని చెట్టుకి కట్టేసి కొట్టాడు. పెదనాన్న ఒట్లేశాడు, ఏడ్చాడు. ఎవరూ నమ్మలేదు. కట్టుబట్టలతో వెళ్ళిపోయాడు."

"పాత సంగతులు కదమ్మా," అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. "నీ మీద మాట పోయిందిగా."

"నా మీద మాట రెండు రోజులుంది, మాస్టారు తీసేశారు. ఆయన మీది మాట ఎవరు తీస్తారండీ?"

ఆవిడ సంచీ భుజానికి తగిలించుకుంది.

"మా నాన్నకి అన్నయ్యంటే ప్రాణం. ఆఖర్న నా చెయ్యి పట్టుకుని కూడా అదే అన్నాడు. దొంగవెధవే, అయినా ఒక్కసారి వచ్చి కనపడితే బాగుండేదమ్మా అని."